బేరంలో లెక్కకు రాని ర్యామ్

దుకాణదారు లాప్‌టాప్‌ను ఒకసారి వెనక్కి తిప్పి చూశాడు. మూత తెరిచి, వెలిగించి, మూసేశాడు. "ఎనిమిదో జనరేషన్ ఐ5 ప్రాసెసర్. 11,500 ఇస్తాను మేడమ్" అన్నాడు. లోపల 32 జీబీ ర్యామ్, అంటే పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ, ఉందని చెప్పాను. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ 1 టీబీదని, వెనుక బ్యాటరీ కొత్తదని కూడా చెప్పాను. "ఉండనివ్వండి. మాకు మోడల్, జనరేషన్, స్క్రీన్, ఈ మూడే లెక్క" అంటూ టీ తెప్పించాడు. టీ బాగుంది.

2021 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో 31,000 రూపాయలకు కొన్న పాత థింక్‌ప్యాడ్ టీ480 ఇది. ఏదో కంపెనీ వాడి వదిలేసినది. నాది తెలుగు పుస్తకాలకు పేజీలు కట్టే పని. ఇన్నేళ్లుగా దాదాపు ప్రతిరోజూ దీని మీదే కూర్చున్నాను. దీని స్పెసిఫికేషన్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి అవన్నీ వదిలేస్తాను.

నేను దీన్ని ప్రేమించింది అడుగు మూత కోసం. మామూలు స్క్రూడ్రైవర్ చాలు. మరలు వదులవుతాయే గాని ఊడి కింద పడవు, మూతనే పట్టుకొని ఉంటాయి. మంచం కింద మర కోసం టార్చి వేసి వెతికిన అనుభవం ఉన్నవారికి ఆ మర్యాద విలువ తెలుస్తుంది. లోపల బ్యాటరీ ఒకటి ఉంటుంది కనుక విప్పే ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లి దాన్ని ఆపాలి. ఆ తరువాత అంతా కళ్లెదురుగానే ఉంటుంది. 8 జీబీతో కొన్నదానికి రెండు నెలలకే 2,900 పెట్టి మరో 8 చేర్చాను. 2023లో ఆ రెండూ తీసి 16 చొప్పున రెండు పెట్టాను, 5,600 అయింది. ఎస్ఎస్‌డీకి 4,500, వెనుక పెద్ద బ్యాటరీకి 4,000. ఈ పనులన్నీ వంటింటి బల్ల మీదే చేశాను. నాలుగు వందల పేజీల పుస్తకం బొమ్మలతో సహా తెరిచినా యంత్రం తడుముకోవడం మానేసింది.

ఆ వెనుక బ్యాటరీ సంగతి చెప్పకుండా ఉండలేను. లోపలి బ్యాటరీ యంత్రాన్ని నిలబెడుతుంది కాబట్టి, బయటిదాన్ని నడుస్తుండగానే తీసి మరొకటి తగిలించవచ్చు. ఒక మే నెల సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. తెల్లవారేసరికి పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి. రాత్రి పదిన్నరకు ఫైలు మూయకుండా, ఆపకుండా బ్యాటరీ మార్చి, చెమటలు కక్కుతూ విషయసూచిక సరిచేశాను. ఆ రాత్రి తరువాత తెలిసినవాళ్లందరికీ ఈ యంత్రాన్నే కొనమని చెబుతూ తిరిగాను. "దీనిలో మార్చలేనిది లేదు" అనేదాన్ని.

ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. రెండేళ్ల క్రితం నా కాలే చార్జర్ తీగకు తట్టుకుంది. యంత్రం కింద పడలేదు గాని చార్జింగ్ రంధ్రం వదులైపోయింది. ఇది టైప్-సీ తోనే చార్జ్ అవుతుంది, ఆ రంధ్రమేమో నేరుగా మదర్‌బోర్డుకు అతికించి ఉంటుంది. ర్యామ్‌లా లాగి పెట్టేది కాదు. మెకానిక్ భూతద్దంలోంచి చూసి, "బోర్డు మీద వేడి పెట్టాలి, హామీ ఇవ్వలేను" అన్నాడు. పక్కనే ఉన్న రెండో టైప్-సీ కూడా చార్జింగ్ తీసుకుంటుంది కాబట్టి బతికిపోయాను. అప్పటినుంచి చార్జర్ తీగను బల్ల కాలికి దారంతో కట్టి ఉంచుతున్నాను.

ప్రాసెసర్ కూడా అంతే, బోర్డుకు అతుక్కున్నదే. ఇక్కడ మాత్రం నాకు అదృష్టం కలిసొచ్చింది. కొన్న రోజు అదే దుకాణంలో ఏడో జనరేషన్ టీ470 ఆరు వేలు తక్కువకు వస్తుంటే, రెండు కోర్లకు బదులు నాలుగు వస్తాయని ఎనిమిదోదే తీసుకున్నాను. నాలుగు నెలల తరువాత, జూన్‌లో, విండోస్ 11 ప్రకటించారు. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే పనిచేస్తుందన్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. ఆ టీ470 కొనుక్కున్న మా వీధి జిరాక్సు ఆయనకు ఇప్పుడు బేరమే రావడం లేదు. చూడటానికి రెండూ కవలల్లా ఉంటాయి. నేను 17,000 పోసి మార్చినవాటికి దుకాణంలో విలువ లేదు, మార్చలేని ఆ ఒక్క చిప్పుకే ధర కట్టారు.

మా తమ్ముడు కూడా 2021లోనే మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 కొత్తది 92,900కు కొన్నాడు. మొన్న 42,000కు అమ్మి, "అక్కా, దాదాపు సగం డబ్బు తిరిగొచ్చింది" అని ఫోనులో మురిసిపోయాడు. మొత్తం 48,000 పెట్టిన నాకు వచ్చేది పావు వంతు కూడా కాదు. అయితే కాగితం మీద వేసి చూస్తే వాడికి పోయింది 50,900, ఈ బేరం ఒప్పుకుంటే నాకు పోయేది 36,500. ఈ లెక్క వాడికి చెప్పాను. "మరి నేను ఒక్కసారి కూడా స్క్రూడ్రైవర్ పట్టలేదు కదా" అన్నాడు. అదీ నిజమే. పైగా వాడిది ఊరూరా తిరిగే ఉద్యోగం, నా యంత్రం బరువు వాడు మోయలేడు. వాడి మ్యాక్‌బుక్‌లో మెమరీ తరువాత పెంచుకునే వీలు లేదు, వాడికి ఆ అవసరమూ రాలేదు. పేజీలు కట్టే నాకు 8 జీబీతో అయిదేళ్లు గడిచేవి కావు. కొత్తగా కొనేవారు ఎవరి పక్షాన ఉంటారో నేను చెప్పలేను. విప్పడానికి చేయి వణికేవారైతే మాత్రం నా దారిలోకి రావద్దు.

దుకాణం మెట్లు దిగుతుంటే అక్కడ పనిచేసే కుర్రాడు వెనకాలే వచ్చాడు. "మేడమ్, ఆ 16ల ర్యాములు రెండూ విడిగా అమ్ముతారా?" అని నెమ్మదిగా అడిగాడు. అతను చెప్పిన ధర నేను కొన్నదానికంటే ఎక్కువ! ఏఐ సర్వర్ల గిరాకీతో మెమరీ ధరలు పెరిగిపోయాయట, నా యంత్రంలో ఉన్న పాత డీడీఆర్4 రకంతో సహా. అమ్మనన్నాను. ఇంటికి వచ్చి, సొరుగులో పడి ఉన్న పాత 8 జీబీ ముక్కలు రెండూ తీసి, తుడిచి, డబ్బాలో పెట్టాను. బేరానికి మళ్లీ వెళ్లే రోజు వస్తే యంత్రంలో ఉండేవి అవే.