క్యాంపస్ పోరాటాలపై పీహెచ్‌డీ: రికార్డులు మేలా, మనుషుల మాటలు మేలా?

యూనివర్సిటీల్లో సామాజిక న్యాయం కోసం విద్యార్థులు చేసిన పోరాటాలపై పరిశోధన మొదలుపెట్టేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. కాగితాలను నమ్ముకోవాలా, మనుషుల్ని కలవాలా?

కాగితాల దారిలో ఖర్చు తక్కువ. సెంట్రల్ యూనివర్సిటీకి 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద దరఖాస్తు పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. వివక్షను అరికట్టడానికి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి. అది ఎన్నిసార్లు సమావేశమైంది, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని తేలాయి అని అడగండి. పేర్లు మాత్రం అడగొద్దు. అడిగితే వ్యక్తిగత సమాచారమంటూ ఆర్‌టీఐ చట్టంలోని సెక్షన్ 8 చూపించి తిప్పి పంపేస్తారు.

ఫిర్యాదులేవీ రాలేదని జవాబొస్తే? వివక్ష లేదని రాసేయడానికి వీల్లేదు. గైడ్ సంతకం లేనిదే ఫెలోషిప్ రాని చోట ఆ గైడ్ మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంగతే చూడండి. 2015 డిసెంబరులో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థుల్ని హాస్టళ్లలోకి రానివ్వకుండా చేశారు. ఉత్తర్వు చదివితే ఆ శిక్ష ఏమిటో తెలుస్తుంది. కానీ వాళ్లు జనవరి చలిలో ఆరుబయట టెంటు వేసుకుని దానికి వెలివాడ అని ఎందుకు పేరు పెట్టారు? రాత్రుళ్లు తోడుగా ఎవరు పడుకున్నారు? మిగతా సంఘాలు ఎప్పుడు కలిసొచ్చాయి, ఏ విషయంలో వాదించుకున్నాయి? 2016 జనవరి 17న ఆ ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల చనిపోయాక దేశమంతా అటు చూసింది. అంతకు ముందటి రోజులు ఎలా గడిచాయో అక్కడున్నవాళ్లే చెప్పగలరు. ఉద్యమం ఎలా నిలబడుతుందో తెలుసుకోవాలంటే నా దృష్టిలో ఇంటర్వ్యూలే మేలు.

అయితే వాటిలో ప్రమాదమూ ఉంది. ఒక డిపార్ట్‌మెంట్‌లో ఒకే ఒక్క ఆదివాసీ స్కాలర్ ఉంటే, థీసిస్‌లో పేరు మార్చినా ఆ మనిషెవరో అందరికీ తెలిసిపోతుంది. వైవా (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) ఇంకా కాని విద్యార్థికి అది పెద్ద నష్టం. అందుకే పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక ముందు డిగ్రీ చేతికొచ్చిన పూర్వ విద్యార్థుల్ని కలవండి. వాళ్లకు పోయేది తక్కువ, చెప్పడానికి ధైర్యం ఎక్కువ. ఏళ్లు గడిచాయి కాబట్టి తేదీలు తారుమారు కావచ్చు, వాటిని సరిచూసుకోవడానికి రికార్డులు పనికొస్తాయి. ఆర్‌టీఐ దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టేయండి.

మీ గైడ్ దగ్గరే చదువుతున్న జూనియర్లను మాత్రం ఇంటర్వ్యూ అడగకండి. ఇష్టం లేకపోయినా వాళ్లు మీకు కాదని చెప్పలేరు.