ధనుర్మాసంలో చెన్నై: కచేరీలు, క్యాంటీన్లు, మైలాపూర్‌లో బస

డిసెంబర్ సగం దాటిందంటే చెన్నైలో మైలాపూర్, ఆళ్వార్‌పేట, టీనగర్ వైపు ఏ సందులోకి తిరిగినా ఏదో ఒక సభలో (కచేరీలు పెట్టే సంస్థల్ని, వాటి హాళ్ళని అక్కడ అలాగే అంటారు) కచేరీ నడుస్తూనే ఉంటుంది, పైగా అక్కడ వినబడేదాంట్లో చాలా భాగం మన త్యాగయ్య తెలుగే. అయినా మనవాళ్ళు చెన్నై వెళ్తే టీనగర్‌లో చీరలు కొనుక్కుని మెరీనా చూసి వచ్చేస్తారు, నాకు అదే బాధ. ఒక్క శని ఆదివారం కేటాయించినా కడుపునిండా సంగీతం వినొచ్చు, దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

నేను మా పిన్నిని తీసుకుని వెళ్ళా. తను సంగీతం టీచరుగా చేసింది, మోకాళ్ళ నొప్పులు, కాబట్టి ప్రతిదీ మెట్ల లెక్కలోనే చూడాల్సొచ్చింది. బెజవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగిపోవచ్చు. అక్కణ్ణించి రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్, లోకల్ రైల్లో మైలాపూర్ స్టేషనైన తిరుమయిలై దాకా చవగ్గా వెళ్ళొచ్చు గానీ అది ఎత్తు మీద కట్టిన లైను, మెట్లుంటాయి, పెద్దవాళ్ళతో వెళ్తే ఆటోనో క్యాబో మేలు. మైలాపూర్‌లోని లజ్ కూడలి చుట్టుపక్కల మెట్రో పనులకి రోడ్లు మళ్ళించేసి ఉన్నాయి, అందుకని టైం కాస్త ఎక్కువే వేసుకోండి.

బస విషయంలో నా మాట ఒకటే, నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండండి. టీనగర్‌లో హోటళ్ళు ఎక్కువ, రూములు కూడా కొంచెం బాగుంటాయి, కానీ రాత్రి కచేరీ అయిపోయాక అందరూ ఒకేసారి బయటికొచ్చి క్యాబ్ కోసం నిలబడతారు, ఆ అవస్థ ఎందుకు. మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి మాడవీధుల దగ్గర చిన్న లాడ్జీలు, సర్వీస్ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, సీజన్‌కి విదేశాల నుంచి వచ్చేవాళ్ళు ముందే తీసేసుకుంటారు, అక్టోబర్‌లోనే ఫోన్ చేసి మాట్లాడుకోవాలి. మేం దిగినచోట లిఫ్ట్ ఉందని ఆన్‌లైన్‌లో రాశారు, తీరా వెళ్తే అది మొదటి అంతస్తు తర్వాత మొదలవుతుంది, పిన్ని మెట్లెక్కలేక కూర్చుండిపోయింది. మేనేజర్ మంచాయన కాబట్టి కింద గది ఖాళీ చేయించి ఇచ్చాడు. ఇలాంటివి ఫోటో పంపమని అడిగి మరీ చూసుకోండి.

ఇక కచేరీలు. మ్యూజిక్ అకాడమీ అందరికీ తెలిసిందే, 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతోపాటే పెట్టిన సంగీత సమావేశం నుంచి పుట్టి 1928లో మొదలైంది. అక్కడ పెద్ద పేరున్నవాళ్ళ సాయంత్రం టిక్కెట్లు తొందరగా అయిపోతాయి, దాని కోసం కంగారుపడకండి. పొద్దున ఎనిమిదింటికి జరిగే ప్రసంగాలకి వెళ్ళండి, ఒక రాగాన్నో ఒక పల్లవినో తీసుకుని పాడి చూపిస్తూ వివరిస్తారు, టిక్కెట్ లేదు. మా పిన్ని అయితే నోట్‌బుక్ తీసి రాసుకుంటూ కూర్చుంది, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినావిడ మళ్ళీ స్టూడెంట్ అయిపోయింది.

మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఫ్రీ. కుర్రవాళ్ళు పాడతారు, హాల్లో జనం పల్చగా ఉంటారు, ముందు వరసలో కూర్చుని గాయకుడు వయొలిన్ వైపు చూసే చూపు కూడా పట్టుకోవచ్చు. నాకైతే సాయంత్రం పెద్ద హాల్లో వెనక కుర్చీ కన్నా ఇదే నచ్చింది. మైలాపూర్‌లో భారతీయ విద్యా భవన్‌లో కూడా చాలావరకు ప్రవేశం ఉచితం, గుడికి దగ్గర. ఎక్కడ ఎవరు పాడుతున్నారో తెలియాలంటే పొద్దున్నే ది హిందూ పేపర్లో ఆ రోజు కార్యక్రమాల కాలమ్ చూడండి, సభ గేటు దగ్గర బోర్డు కూడా చూసుకోండి, ఆఖరి నిమిషంలో మార్పులుంటాయి. రోజుకి రెండు కచేరీలు చాలు, మూడోదానికి పరిగెత్తితే చెవి అలిసిపోతుంది. ఒక్క మనవి, మృదంగం తని (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలవగానే లేచి క్యాంటీన్‌కి పోకండి, రెండు గంటలు పక్కనుండి మోసినవాళ్ళకి సొంతంగా దొరికేది ఆ కాసేపే.

సభల్లో పెట్టే క్యాంటీన్ మాత్రం నిజంగా ఒక పండగే. కచేరీ టిక్కెట్ లేకపోయినా లోపలికెళ్ళి తినొచ్చు. మధ్యాహ్నం అరిటాకు భోజనం, సాయంత్రం అడై-అవియల్ (పప్పుల అట్టు, కొబ్బరేసిన కూర), కీరై వడ అనే ఆకుకూర వడ, పెసరపప్పుతో చేసే అశోకా హల్వా, దబరాలో కాఫీ. భోజనం బాగుంది గానీ క్యూ పెద్దది, తిని హాల్లోకి వెళ్తే నిద్రొస్తుంది కూడా, టిఫిన్ వైపే నా ఓటు. ఒంటిగంట లోపో రెండున్నర తర్వాతో వెళ్తే కూర్చోడానికి చోటుంటుంది.

ఆదివారం తెల్లారకముందే కపాలీశ్వరుడి మాడవీధుల్లో భజన బయల్దేరుతుంది, ఒకప్పుడు తమిళ వాగ్గేయకారుడు పాపనాశం శివన్ భజన నడిపించిన వీధులవి. అదయ్యాక లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కుకి వెళ్ళండి. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే, అమృతాంజనం, ఆంధ్రపత్రిక ఆయనవే. ఈ పార్కులో నెలకో ఆదివారం పొద్దున పిల్లలు మైకు లేకుండా పాడతారు, ఆ వారం పడిందేమో ముందే కనుక్కోండి. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఆగి వింటుంటారు, తెలుగు రాని పిల్ల తెలుగు కృతిని అంత శ్రద్ధగా పలుకుతుంటే మా పిన్ని కళ్ళు తుడుచుకుంది.

చిత్రాలూ బొమ్మలూ ఇష్టమైతే ఈస్ట్ కోస్ట్ రోడ్ మీద చోళమండల్ ఉంది, 1966లో కె.సి.ఎస్. పణికర్ ఆధ్వర్యంలో చిత్రకారులు తామే స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు, చిన్నదే గానీ మనసుకి హాయి. ఇంకా ముందుకెళ్తే ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అనే మ్యూజియం, పాత ఇళ్ళని ఊడదీసి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. అందులో తుఫాను గాలికి తట్టుకునేలా కట్టిన మన కోస్తా చుట్టిల్లు, ఇక్కత్ నేసేవాళ్ళ ఇల్లు కూడా ఉన్నాయి. ఎండలో నడక ఎక్కువ, మంగళవారం సెలవు. వారాంతంలో ఆ రోడ్డంతా మహాబలిపురం వెళ్ళే కార్లే, కాబట్టి రెండూ ఒకే పూట పెట్టుకోవద్దు, ఒకటే అంటే నేను దక్షిణచిత్రే అంటా.

డిసెంబర్ కుదరకపోతే జనవరిలో పొంగల్‌కి ముందు మైలాపూర్ ఫెస్టివల్ చూడండి, మాడవీధిలో ముగ్గుల పోటీలు, తిండి, పాటలు అన్నీ వీధిలోనే, రూములు కూడా కాస్త తేలిగ్గా దొరుకుతాయి.