బోరు నీటికి ఆర్‌ఓనా, ఆవిరి పద్ధతా?

హైదరాబాద్ వేసవిలో బోరు నీళ్లు పోసిన కూలర్ గడ్డి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఉప్పునీటి నుంచి మంచినీరు తీసే ఆవిరి పద్ధతి పనిచేసేది సరిగ్గా ఇలాగే: నీరు వేడిగాలిలో కలుస్తుంది, లవణాలు మిగిలిపోతాయి, ఆ తేమగాలిని, నీరు ఆవిరయ్యేటప్పుడు పుట్టే చల్లదనంతోనే చల్లబరిచిన గొట్టాల మీదుగా పంపితే తేమ తిరిగి నీరై మంచినీరు దక్కుతుంది. అయితే వెయ్యి లీటర్లను ఆవిరి చేయడానికి సుమారు 670 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి; సముద్రపు నీటిని శుద్ధిచేసే పెద్ద ఆర్‌ఓ (నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా పంపి ఉప్పును వేరుచేసే పద్ధతి) ప్లాంట్లకు అంతే మంచినీటికి 3 నుంచి 4 యూనిట్లు చాలు, ఉప్పు తక్కువగా ఉండే బోరు నీటికైతే ఇంకా తక్కువే. తేమ తిరిగి నీరయ్యేటప్పుడు వెలువడే వేడిని కొంత మళ్లీ వాడుకున్నా ఆర్‌ఓదే పైచేయి.

కానీ ఇళ్లలోని ఆర్‌ఓ యంత్రాలు తరచుగా ఇచ్చే నీటికంటే ఎక్కువ నీటిని మోరీలోకి వదులుతాయి. ట్యాంకర్ కోసం ఎదురుచూసే నగరంలో ఇది నిజంగా బాధాకరం. ఎండ వేడో, ఫ్యాక్టరీలో వృథాగా పోయే వేడో దొరికినప్పుడు, ఆర్‌ఓ పొరలు తట్టుకోలేని గాఢమైన ఉప్పునీటికి మాత్రం నేను ఆవిరి పద్ధతినే ఎంచుకుంటాను.