గుడ్లగూబ పాఠమా, మనుషుల గోపురమా?

మనిషి చరిత్రను నవ్విస్తూ చెప్పి ఆస్కార్ గెలిచిన రెండు చిన్న చిత్రాలను ఒకే సాయంత్రం వెంటవెంటనే చూశాను. ఒకటి డిస్నీ వారి 'టూట్, విజిల్, ప్లంక్ అండ్ బూమ్' (1953). రెండోది సాల్ బాస్ తీసిన 'వై మ్యాన్ క్రియేట్స్' (1968). ఈ రెండోది నిజానికి పాతిక నిమిషాల డాక్యుమెంటరీ, బహుమతీ ఆ విభాగంలోనే వచ్చింది. నేను పోలుస్తున్నది అందులో 'ది ఎడిఫిస్' అనే బొమ్మల భాగాన్ని మాత్రమే.

డిస్నీది పది నిమిషాల వ్యవహారం. గుడ్లగూబ పంతులు పక్షులకు వాద్యాల పుట్టుక చెబుతాడు. గుహల కాలంలో నలుగురు ఉండేవారట: ఒకడు ఆవు కొమ్ము ఊదాడు, ఒకడు గడ్డి గొట్టం ఊదాడు, ఒకడు వింటినారి మీటాడు, ఒకడు ఊరికే బాదాడు. నాకు అన్నిటికన్నా నచ్చినవాడు రోమన్ బూరగాడు. నిటారు బూరతో వెళ్లి రాతి స్తంభాన్ని గుద్దుకుంటాడు. బూర వంకరపోతుంది, శ్రుతి మాత్రం మారదు. శ్రుతిని మార్చేది గొట్టం పొడవే కానీ ఆకారం కాదన్న సంగతి ఒక్క దెబ్బతో తలకెక్కుతుంది.

ఇక్కడొక తమాషా. మన భరతుడి నాట్యశాస్త్రం కూడా వాద్యాలను నాలుగుగానే విడదీసింది: తత (తీగలవి), సుషిర (ఊదేవి), అవనద్ధ (తోలు బిగించినవి), ఘన (తాళాల వంటివి). గీతలే వేరే చోట పడ్డాయి. గుడ్లగూబ ఊదేవాటిని రెండుగా చీల్చి, కొట్టేవన్నీ ఒకే గంపలో వేశాడు. భరతుడు ఊదేవన్నీ ఒకటి చేసి, తోలు బిగించిన మృదంగాన్నీ కంచు తాళాలనూ వేరు చేశాడు. లయ మీద ప్రాణం పెట్టేవాళ్ల లెక్క అలాగే ఉంటుంది మరి.

ఎడిఫిస్‌లో పంతులు లేడు. గుహ మనుషుల దగ్గర మొదలైన కెమెరా పైకి పోతూనే ఉంటుంది. ఈజిప్టు నెత్తిన గ్రీసు, గ్రీసు నెత్తిన రోము. ఒకరి భుజాల మీదే ఇంకొకరు నిలబడ్డారని నోటితో చెప్పనక్కరలేదు, ఆ గోపురమే చెబుతుంది. శిఖరానికి చేరేసరికి యంత్రాలు, పొగ, దగ్గు.

మధ్యలో ఒక అరబ్బు పండితుడు సున్నా కనిపెట్టానంటాడు. ఏమిటీ అని ఇంకొకడు అడిగితే, ఏమీ లేదంటాడు. నవ్వాను, వెంటనే కడుపు మండింది. సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో మన గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే రాసిపెట్టాడు. ఆ లెక్కలు అరబ్బులకు అందింది మన దగ్గరి నుంచే. గోపురంలో ఆ అంతస్తే ఎగిరిపోయింది. అన్నీ చెప్పాలని పరుగెత్తితే ఇంతే. సంగీతమనే ఒక్క దారం పట్టుకున్న డిస్నీకి ఈ చిక్కు తక్కువ.

పదేళ్ల పిల్లలకు ఏది మేలంటే గుడ్లగూబే, సందేహం లేదు. చూసిన రోజంతా వంటింట్లో గిన్నెలు మోగుతాయి, దానికి సిద్ధపడండి. పైగా అది డిస్నీ తొలి సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి తెర) కార్టూన్. ఫోనులో చూస్తే సన్నటి పట్టీలా మిగులుతుంది, టీవీలో పెట్టండి.

నా ఓటు మాత్రం గోపురానికే. గుడ్లగూబ చరిత్రలో ప్రతి మార్పూ మేలే చేస్తుంది, ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. గోపురం అంతదాకా నవ్వించి, పైకెక్కాక ఊపిరాడనివ్వదు. సున్నా సంగతి మాత్రం ఇంకా క్షమించలేదు.