ఫోమ్ బోర్డు ఆర్‌సీ విమానం: కొన్నేళ్లు ఎగరేశాక

ఫోమ్ బోర్డుతో (రెండు పక్కలా కాగితం అంటించిన తేలికైన ఫోమ్ షీటు) ఆర్‌సీ విమానం, అంటే రిమోటుతో ఎగరేసే చిన్న విమానం, చేస్తే నాలుగు రోజులు కూడా ఆగదని చాలామంది అంటారు. కొన్నేళ్లుగా తెనాలి చుట్టుపక్కల ఎగరేస్తున్నాను. నేను చూసినంతవరకు కింద పడటం వల్ల ఈ విమానం పాడైపోదు. ముక్కు నలిగితే ఆ భాగం కోసేసి కొత్తది అతికిస్తే సాయంత్రానికి మళ్లీ గాల్లో ఉంటుంది. దీన్ని నిజంగా దెబ్బ తీసేవి మన ఎండ, మన తేమ.

నాది రెక్క పైన ఉండే ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్లకి సరిపోయే రకం. ప్లాను ఫ్లైట్ టెస్ట్ అనే అమెరికా హాబీ బృందం వాళ్లు ఉచితంగా ఇచ్చే పీడీఎఫ్‌లలో ఒకటి. ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి, పక్కపక్కన అంటించి బోర్డు మీద పరుచుకుని కోయడమే. లోపల 2212 సైజు 1000 కేవీ మోటారు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు), 9 గ్రాముల సర్వోలు (తోక భాగాల్ని కదిలించే చిన్న మోటార్లు), మూడు సెల్స్ ఉన్న 1300 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. రిమోటు ఫ్లైస్కై ఐ6. బ్యాటరీతో కలిపి 620 గ్రాములు తూగింది. థ్రాటిల్ (మోటారు వేగం పెంచే, తగ్గించే పుల్ల) నింపాదిగా వాడితే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు ఎగురుతుంది.

బోర్డు కొనేటప్పుడు జాగ్రత్త. ఆ ప్లాన్లు అమెరికాలో దొరికే తేలికపాటి బోర్డును దృష్టిలో పెట్టుకుని గీసినవి. మన స్టేషనరీ షాపుల్లో దొరికే 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డుకు కాగితం మందం, బరువూ ఎక్కువే. అయినా ఎగురుతుంది, కాకపోతే దిగేటప్పుడు కాస్త వేగంగా రావాలి. ఫ్లెక్సీ షాపులో అడిగితే సన్‌బోర్డు పేరుతో గట్టి పీవీసీ షీటు చేతిలో పెడతారు. అది మాత్రం తీసుకోకండి, చాలా బరువు.

ఇక ఎండ సంగతి. గ్లూ గన్‌తో అతికించిన జిగురు వేడికి మెత్తబడుతుంది. మే నెలలో మూసిన కారు వెనక సీట్లో విమానం గంటసేపు ఉంటే చాలు, మోటారు బిగించిన ప్లైవుడ్ ముక్క కొద్దిగా కిందికి వాలుతుంది. చూడ్డానికి తేడా తెలియదు. థ్రాటిల్ పెంచితే మాత్రం ముక్కు కిందికి లాగుతుంటుంది. అందుకే ఆ ఒక్క చోట ఆరల్‌డైట్ (రెండు ట్యూబులు కలిపి వాడే గట్టి జిగురు) వాడాలి. మిగతా అంతా గ్లూ గన్ సరిపోతుంది.

తేమ ఇంకా మొండిది. డెల్టాలో చలికాలం పొద్దున్నే గడ్డి మీద దించితే పొట్ట కింద కాగితం మంచుకి నాని, ఉబ్బి, ఫోమ్ నుంచి విడిపోతుంది. వానాకాలం అంతా గోడకి ఆనించి ఉంచితే రెక్క మెలి తిరుగుతుంది. తోక వైపు నుంచి ఒక కన్ను మూసి రెక్క వెనక అంచు చూస్తే ఆ మెలిక కనబడుతుంది. చేత్తో ఎదురు దిశలో మెల్లగా తిప్పి పట్టుకుంటే చాలావరకు సరవుతుంది. కోసిన అంచులన్నీ ప్యాకింగ్ టేపుతో మూసి, పొట్ట కింద రెండు పొరలు వేశాక నాకు ఈ బాధ బాగా తగ్గింది.

తోకలో ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, పక్కలకి తిప్పే రడ్డర్ కదిలే మడత దగ్గర పట్టి ఉంచేది ఒక్క పొర కాగితమే. ఫోమ్‌ని ఏటవాలుగా కోసి, అవతలి కాగితం తెగకుండా వదులుతాం. అది ముందు రెండు కొసల్లో చిరగడం మొదలవుతుంది. కట్టేటప్పుడే ఆ కొసలకి ఫైబర్ టేపు వేయండి. కట్టర్ బ్లేడు మొద్దుబారితే ఫోమ్ తెగదు, చిరుగుతుంది. కాబట్టి బ్లేడు ముక్కలు విరవడానికి వెనకాడొద్దు.

సీజీ, అంటే విమానం బరువు సమంగా తూగే చోటు, రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి నాలుగో వంతు దగ్గర ఉంటే కొత్తవాళ్లకి కూడా మాట వింటుంది. బ్యాటరీ ముందుకీ వెనక్కీ జరిపి అది తెచ్చుకోవాలి. ఇంకొకటి, రిమోటులో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు) మనమే సెట్ చేయాలి. ప్రొపెల్లరు తీసేసి, రిమోటు ఆపి, మోటారు ఆగుతోందో లేదో చూశాకే పొలానికి వెళ్లండి.

పొలం అన్నాను కదా, ఇక్కడ వరి కోతలయ్యాక చేలు ఖాళీగా ఉన్నాయనుకోకండి. కోతకి ముందే మినుములు చల్లేసి ఉంటారు, మొలకలు తొక్కితే రైతుకి నష్టం. మినుము తీశాక, వేసవిలో, పొద్దున ఆరు నుంచి ఏడున్నర మధ్య నాకు బాగా నచ్చిన సమయం. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది, ఇంత తేలిక విమానం దాన్ని తట్టుకోలేదు. గద్దలు చుట్టూ తిరగడం మొదలుపెడితే వెంటనే దించేయండి, పక్షికీ విమానానికీ ఇద్దరికీ మంచిది.

డ్రోన్ రూల్స్ 2021 ఇలాంటి వాటికీ వర్తిస్తాయి. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉంటే మైక్రో తరగతి. వ్యాపారానికి కాకపోతే పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోనో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) కాదో చూసుకోవాలి. బాపట్ల దాటి సూర్యలంక వైపు ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, అటు వెళ్లేవాళ్లు ఇది మరీ ముఖ్యంగా చూడాలి.

ఖర్చు విషయానికొస్తే బోర్డు, టేపు, జిగురు వెయ్యి లోపే. రిమోటు, బ్యాటరీ, చార్జరుతో సహా మిగతాది నాకు పది వేల చుట్టుపక్కల అయ్యింది, ఆ డబ్బు బాడీతో పోదు. మొదటి బాడీ కాగితం పూర్తిగా అలిసిపోయాక అదే మోటారు, అవే సర్వోలు కొత్త బాడీలోకి మార్చాను. ఈసారి చక్రాలు పెట్టలేదు. కొయ్యకాళ్లలో చక్రాలు చిక్కుకుని బోల్తా కొట్టేది, ఇప్పుడు పొట్ట మీదే జారి ఆగుతోంది.