గుంకలాం కాలనీలో కుట్టించిన జూట్ సంచులు, మా పెళ్ళి ఆర్డర్ ఎలా వచ్చిందంటే

విజయనగరంలో తాంబూలం సంచులు ఎక్కడ బాగుంటాయని అడుగుతున్నవాళ్ళ కోసం రాస్తున్నా. మా చెల్లి పెళ్ళికి 300 జూట్ సంచులు గుంకలాం కాలనీలో కుట్టించాం. బోర్డు లేదు, ఒక ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో నాలుగు మెషిన్లు, ఒకే డ్వాక్రా గ్రూపులో ఉన్న ఆడవాళ్ళు కలిసి కుడుతున్నారు.

సరుకు చాలా బాగుంది. లోపల లామినేషన్ ఉన్న జూట్ బట్ట, కొబ్బరికాయ, అరటిపళ్ళు, జాకెట్టు ముక్క, స్వీట్ ప్యాకెట్టు అన్నీ పెట్టినా అడుగు సాగలేదు. హ్యాండిల్ దగ్గర చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా మళ్ళీ కుట్టు వేశారు, బరువంతా పడేది అక్కడే కదా, చౌక సంచులకి ఆ కుట్టు ఉండదు, అందుకే ఇంటికి చేరేలోపే హ్యాండిల్ ఊడొస్తుంది. ఒక్కోటి 60 రూపాయలు పడింది, పేర్ల ప్రింటింగ్ వేరే. కొన్నిటికి హ్యాండిళ్ళు ఒకటి పొడుగు ఒకటి పొట్టి వచ్చాయి, చూపిస్తే ఆ పూటే విప్పి సరిచేసి ఇచ్చారు, ముఖం కూడా మాడ్చలేదు. కొత్తలో కాస్త నూనె వాసన వస్తుంది, నార మెత్తబడ్డానికి మిల్లులో నూనె కలుపుతారు కాబట్టి, గాలికి ఆరబెడితే పోయింది. నీళ్ళలో మాత్రం నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇక్కడ ఆర్డర్ ఇచ్చేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది అడ్వాన్స్ గురించి. "సగం డబ్బులు ముందే ఇచ్చీ బాబూ, లేపోతే బట్ట తేనేం" అంది మెషిన్ దగ్గరున్న పెద్దామె. ఎందుకంటే ఇంతకుముందు ఎవరో పెద్ద ఆర్డర్ చెప్పి పైసా ఇవ్వలేదంట, వీళ్ళు బట్ట కోసం డైలీ ఫైనాన్స్‌లో తీసుకున్నారంట, ఆ ఫైనాన్స్ వాడేమో వడ్డీ ముందే పట్టుకుని మిగతాది చేతిలో పెట్టి మర్నాటి నుంచే వసూలుకి వచ్చేస్తాడు, సంచుల డబ్బులేమో ఎప్పుడో వచ్చాయి, కుట్టుకూలి అంతా వడ్డీకే పోయింది. పని లేక కాదు, పని దొరికాక ఇలా మునిగారు. నాకైతే చాలా బాధేసింది. దయచేసి అడ్వాన్స్ ఇవ్వండి, సంచులు తీసుకున్న రోజే మిగతాది ఇచ్చేయండి.

ఈ కాలనీ గురించి తెలియనివాళ్ళకి, 2020 డిసెంబర్ 30న ఇక్కడ ఇళ్ళ పట్టాలిచ్చారు, 397 ఎకరాలు, పన్నెండు వేల పైచిలుకు ప్లాట్లు. సొంత ఇల్లు వచ్చింది నిజమే, కానీ టౌన్‌లో అద్దెకుంటూ నడిచెళ్ళి నాలుగిళ్ళలో పని చేసుకునేవాళ్ళకి ఇప్పుడు రానుపోను ఆటోకే బోలెడు అవుతోంది, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండలేరు. అందుకే ఇంటి దగ్గరే మెషిన్ ఉండటం వీళ్ళకి అంత ముఖ్యం. షెడ్డులో ఒకామె భర్త జూట్ మిల్లు కార్మికుడు, మన జిల్లాలో మిల్లు లాకౌట్ అంటే, అదే యాజమాన్యం గేటు మూసేస్తే, ఏమవుతుందో చెప్పక్కర్లేదు, అప్పుడు ఇల్లు నడిచింది ఈ కుట్టు మీదే.

ఒకామెకి పీఎం విశ్వకర్మలో మెషిన్ కోసం సాయం వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పథకం, 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది, టూల్‌కిట్‌కి 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా లోను, కానీ ఇంటికి ఒక్కరికే. మీ పక్కన కుట్టుపని చేసేవాళ్ళుంటే చెప్పండి, చాలామందికి తెలీదు.

ఇంకో మాట, టౌన్‌లో బట్టల షాపులు, స్వీట్ షాపులవాళ్ళు కూడా ఒకసారి వచ్చి చూడాలి. 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు ఎలాగూ వాడకూడదు, వీళ్ళు కాటన్ సంచులు కూడా కుడతారు. పెళ్ళి ఆర్డర్లు ముహూర్తాలప్పుడే వస్తాయి, షాపు ఆర్డరైతే ఆషాఢంలో కూడా మెషిన్ ఆడుతుంది.

ఫోన్‌లో ఫొటో పంపితే కుదరదు, ఒక శాంపిల్ కుట్టించుకుని చూసి ఖాయం చేసుకోండి. ప్రింటింగ్ బయట చేయించాలి కాబట్టి ఆలస్యమవుతుంది, శ్రావణమాసం పెళ్ళిళ్ళకైతే నెల ముందే చెప్పుకోండి. ఫోన్‌పే తీసుకుంటారు.