ఒకే హాల్లో పాటా, సినిమా: డెనాన్ రిసీవర్‌కి మరాంట్జ్ స్టీరియో యాంప్ జోడించి వాడాక

హోమ్ థియేటర్ రిసీవర్ (సినిమా శబ్దాన్ని చుట్టూ ఉన్న స్పీకర్లకి పంచే యాంప్) ఒక్కటే ఉన్నా పాటలు వినొచ్చు, బాగానే ఉంటాయి. కానీ ఫోన్ పక్కన పెట్టి, లైటు తగ్గించి, గంటసేపు కదలకుండా కూర్చుని వినే అలవాటు ఉంటే మాత్రం ముందున్న రెండు స్పీకర్లకి విడిగా ఒక స్టీరియో యాంప్ పెట్టుకోమంటాను. మా ఇంట్లో ఇదే ఏర్పాటు కొన్నేళ్లుగా నడుస్తోంది. మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. డెమో వినాలంటే విశాఖో భువనేశ్వరో పోవాలి. అందుకే నాలాంటి ఊళ్లో ఉండి, వినకుండానే కొనాల్సి వచ్చేవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

సామాను ఇది. సినిమాలకి డెనాన్ ఏవీఆర్ ఎక్స్3700హెచ్. పాటలకి మరాంట్జ్ పీఎం8006, ఎనిమిది ఓమ్‌లకి చానల్‌కి 70 వాట్లు. ముందు రెండూ కెఫ్ క్యూ350లు, మధ్యలో అదే కంపెనీ సెంటర్ స్పీకర్, వెనక రెండు చిన్నవి, ఒక రెల్ టీ5ఐ సబ్‌వూఫర్. ముందు రెండు స్పీకర్లూ రెండు పనులకీ ఉమ్మడి, కిటుకంతా అక్కడే ఉంది. డెనాన్ వెనక ప్రీ అవుట్ (యాంప్ ఇంకా పెంచని సిగ్నల్ బయటికిచ్చే) సాకెట్ల నుంచి ఆర్‌సీఏ తీగలు మరాంట్జ్ పవర్ యాంప్ ఇన్‌లోకి వెళ్తాయి. సినిమా అప్పుడు మరాంట్జ్‌ని ఆ మోడ్‌లోకి మారిస్తే అది ఉత్త పవర్ యాంప్ (సిగ్నల్‌ని పెంచి స్పీకర్లకి పంపేది మాత్రమే) అయిపోతుంది. దాని వాల్యూమ్ నాబ్ పనిచేయదు, వాల్యూమంతా డెనాన్ చేతిలోనే. పాటలు వినేటప్పుడు డెనాన్‌ని ఆన్ చేయాల్సిన పనే లేదు. సీడీ ప్లేయరూ, ఇంటర్నెట్ పాటల స్ట్రీమరూ నేరుగా మరాంట్జ్‌కే కలిపి ఉన్నాయి.

కొనే ముందు చూసుకోవాల్సినవి రెండే. రిసీవర్‌కి ఫ్రంట్ ప్రీ అవుట్లు ఉన్నాయా, యాంప్‌కి మెయిన్ ఇన్ (పవర్ యాంప్ ఇన్‌కి ఇంకో పేరు) గానీ హోమ్ థియేటర్ బైపాస్ (వాల్యూమ్ నాబ్‌ని పక్కనపెట్టే ఇన్‌పుట్) గానీ ఉందా అని. చాలా చవక రిసీవర్లకి సబ్‌వూఫర్ ప్రీ అవుట్ ఒక్కటే ఉంటుంది, దాంతో ఈ పని కాదు. యాంప్‌కి బైపాస్ లేకపోతే ఆక్స్‌లోకి (మామూలు ఇన్‌పుట్‌లోకి) ఇచ్చి, నాబ్ ఒక గుర్తు దగ్గర పెట్టి, అక్కడే ఉంచి క్యాలిబ్రేషన్ (మైక్‌తో కొలిచి స్పీకర్ల లెవెళ్లు సరిచేయడం) చేసుకోవచ్చు. కాకపోతే సినిమా పెట్టిన ప్రతిసారీ నాబ్ ఆ గుర్తు మీదకి తేవాలి. ఇంట్లో మిగతావాళ్లకి అది గుర్తుండదు. యాంప్ జోడించాక డెనాన్‌లో ఆడిస్సీ (గదికి తగ్గట్టు శబ్దాన్ని దిద్దే ఏర్పాటు) క్యాలిబ్రేషన్ మొదటి నుంచి మళ్లీ చేయాలి, ఎందుకంటే ముందు స్పీకర్ల లెవెల్ మారిపోతుంది. మైక్ ఎనిమిది చోట్ల పెట్టొచ్చు. మొదటి చోటు మాత్రం సరిగ్గా మనం కూర్చునే సీటే అవ్వాలి.

ఇంత ఖర్చుకి తేడా ఏమిటని అడిగితే, నేను వచ్చినవాళ్లకి వినిపించేది పాత మోనో రికార్డింగ్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెడతాను. మోనో కాబట్టి రెండు స్పీకర్లలోంచీ వచ్చేది ఒకటే శబ్దం. స్టీరియోలో అమరిక సరిగ్గా ఉంటే ఆ వయొలిన్ రెండు స్పీకర్ల మధ్య గాలిలో, టీవీ తెరకి కాస్త ముందు, ఒకే చోట నిలబడాలి. మరాంట్జ్‌లో అలాగే నిలబడుతుంది. కమాను ఆనినప్పటి గరుకు కూడా అక్కడి నుంచే వస్తుంది. అదే రికార్డు డెనాన్‌లో డాల్బీ సరౌండ్ (రెండు చానళ్ల శబ్దాన్ని అన్ని స్పీకర్లకీ పంచే) మోడ్‌లో పెడితే, రెండు చానళ్లలో సమానంగా ఉన్నదాన్ని అది సెంటర్ స్పీకర్‌కే తోస్తుంది. వయొలిన్ మొత్తం టీవీ కింద ఉన్న పెట్టెలోకి దిగిపోతుంది. కళ్లు మూసుకున్నా ఆ తేడా తెలుస్తుంది.

నిజం చెప్పాలంటే డెనాన్‌లోనే ప్యూర్ డైరెక్ట్ పెడితే ఇందులో సగానికి పైగా దక్కుతుంది. అందులో ఆడిస్సీ ఆగిపోతుంది, డిస్‌ప్లే ఆరిపోతుంది, రెండు చానళ్లే మోగుతాయి. మరాంట్జ్‌తో అదనంగా వచ్చింది తక్కువ వాల్యూమ్‌లో వినిపించే నిండుదనం. రాత్రి పదింటికి పక్కింటి పెద్దమ్మగారికి వినపడనంత తగ్గించినా మృదంగం తొప్పి (గుమ్మని మోగే) వైపు దెబ్బ మిగులుతుంది. ఆ ఒక్కదానికోసం అంత డబ్బు పెట్టాలా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. నేను రోజూ రాత్రే వింటాను, నాకు సరిపోయింది.

యాంప్ కన్నా ముందు గది సంగతి చూసుకోవాలి. మావి పాత వరస ఇళ్లు. హాలు 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, మొజాయిక్ నేల, పైన స్లాబు, రెండు పక్కలా ఉమ్మడి గోడలు. చప్పట్లు కొడితే ఠంగుమని తిరిగొచ్చేది. క్యూ350లకి గాలి రంధ్రం వెనక వైపు ఉంటుంది, గోడకి ఆనిస్తే బేస్ మూలుగుతుంది. మిస్త్రీ చేత టేకు స్టాండ్లు చేయించి గోడకి అడుగున్నర ముందుకి, టీవీ కన్నా కూడా ముందుకి జరిపాను. స్పీకర్లు టీవీకి వెనకబడి ఉంటే తెర నుంచి తిరిగొచ్చే శబ్దం రెండు స్పీకర్ల మధ్య గాలిలో నిలబడాల్సిన శబ్దాన్ని చెదరగొడుతుంది. నేల మీద మందపాటి జంపఖానా, సోఫా వెనక గోడకి పుస్తకాల అలమరా. ఇంతే. ఆడిస్సీ చేసే దిద్దుబాటు పాటలప్పుడు మరాంట్జ్ దారిలో ఉండదని గుర్తుపెట్టుకోండి. అందుకే ఈ పద్ధతిలో గదిని చేతులతోనే దిద్దుకోవాలి.

సబ్‌వూఫర్ విషయంలో చాలామందికి ఒక చిక్కు వస్తుంది. సబ్‌ని రిసీవర్‌కి మాత్రమే కలిపితే పాటలప్పుడు అది మూగపోతుంది, ఎందుకంటే అప్పుడు రిసీవర్ ఆఫ్‌లో ఉంటుంది. రెల్‌కి రెండు దారులున్నాయి. డెనాన్ నుంచి ఎల్ఎఫ్ఈ (సినిమా బేస్ చానల్) తీగ, మరాంట్జ్ స్పీకర్ టెర్మినళ్ల నుంచి హై లెవెల్ (స్పీకర్లకి వెళ్లే సిగ్నల్‌నే తీసుకునే) తీగ, రెండూ ఒకేసారి పెట్టి ఉంచొచ్చు. సినిమాకి క్రాస్ఓవర్ (ఎంత కింది బేస్ సబ్‌కి వెళ్లాలనే హద్దు) 80 హెర్ట్‌జ్. పాటలకి సబ్ ఉన్నట్టు తెలియనంత తగ్గించాను. ఉమ్మడి గోడల ఇళ్లలో ఇంతకన్నా పెంచితే మాటొస్తుంది. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో ఎవరూ ఏమీ అనరు గానీ, అప్పుడు వీధి మైకుల ముందు మన సబ్ ఏ మూలకి?

ఇక కరెంటు. రెండు యాంప్లు కలిపిన రోజే స్పీకర్లలో సన్నగా జుమ్మనే శబ్దం మొదలైంది. సెట్ టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ తీగ పీకగానే ఆగింది. వీధి కేబుల్ ఎర్తూ ఇంటి ఎర్తూ కలిసి వలయం అయితే వచ్చే 50 హెర్ట్‌జ్ హమ్ ఇది. ఆ తీగ మధ్యలో ఆ ఎర్త్ వలయాన్ని తెంచే చిన్న ఐసోలేటర్ పెడితే పోయింది. కొందరు ఎలక్ట్రీషియన్లు ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే సరిపోతుందంటారు, ఒప్పుకోకండి, షాక్ కొడుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్లు మూలుగుతాయి, ప్యూర్ సైన్ వేవ్ ఉంటేనే ఇన్వర్టర్ మీద పాటలు పెట్టండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి నుంచీ మా వీధిలో ఉరిమితే ప్లగ్గులు పీకేయడం అందరికీ అలవాటే, దానికి మించిన సర్జ్ ప్రొటెక్టర్ నాకు కనపడలేదు. సముద్రం దగ్గర కావడంతో బనానా ప్లగ్గులు (స్పీకర్ తీగల చివరి పిన్నులు) మసకబారుతాయి. ఒక పక్క శబ్దం బలహీనపడితే స్పీకర్‌ని అనుమానించే ముందు ప్లగ్ తీసి తుడిచి చూడండి.

వాడకంలో ఇబ్బందల్లా రిమోట్లే. సినిమాకి రెండు పెట్టెలు ఆన్ చేయాలి, మరాంట్జ్ మోడ్ మార్చాలి. మా మేనల్లుడు వచ్చినప్పుడు డెనాన్ వాల్యూమ్ ఎక్కడో వదిలేసి పోతాడు. అందుకే సెటప్‌లో వాల్యూమ్ లిమిటూ, ఆన్ చేయగానే ఉండాల్సిన లెవెలూ రెండూ కట్టడి చేశాను. బైపాస్‌లో మరాంట్జ్ నాబ్ కాపాడదు కాబట్టి ఇది తప్పనిసరి. మా అమ్మయితే, "ఒరే, నా సీరియల్‌కి ఇన్ని డబ్బాలెందుకురా?" అంది. న్యాయమే. సీరియళ్లకీ వార్తలకీ టీవీ స్పీకర్లే వాడుతున్నాం.

వేడి విషయంలో మాత్రం రాజీ లేదు. రెండు యాంప్లూ ఒకదాని మీద ఒకటి పెడితే ఏప్రిల్, మే నెలల్లో పైదాని మీద చెయ్యి ఆనదు. మిస్త్రీ టీవీ అలమరాకి వెనక చెక్క వేస్తానన్నాడు, వద్దన్నాను. రెండు అరల్లో విడివిడిగా, పైన జానెడు ఖాళీ ఉంచి, వెనక తెరిచే చేయించాను.